నార చీర కట్టిన రోజు

మా ధర్మవరంలో నేత ఇళ్లవాళ్లు ఎదురుపడితే ముందు ముఖం చూడరు, చీర చూస్తారు. కొంగు పట్టుకుని, తిరగేసి, వెనకవైపు దారం ముడులు వెతికి, "ఎవరి మగ్గం?" అని అడిగాకే "బాగుండావా?" అంటారు. మగ్గం కింద ఆడుకుంటూ పెరిగినవాళ్లం, చేతులు ఊరుకోవు. ఆ అలవాటే ఆ రోజు నా పరువు తీసింది.

నాయన పట్టు నేసేవాడు. మరమగ్గాల చీరలొచ్చాక ఆయన మగ్గం ఎక్కువగా ఖాళీగానే ఉండేది. నేనేమో తనకల్లు దగ్గర పల్లెలో అరటినార పని చూస్తాను. గెల కోసుకుని రైతులు గట్టున పారేసిన బోదెల్ని అక్కడి ఆడవాళ్లు చీల్చి, గీకి, నార తీసి నీడన ఆరబెడతారు. ఒక్క చీర నేసి చూడమని నాయనను కాళ్లావేళ్లా పడి ఒప్పించాను. జ్యూస్ అంగళ్లవాళ్లు పారబోసే దానిమ్మ తొక్కలు తెచ్చి, ఉడకబెట్టి, నారకు రంగు పట్టించాను. నూలు పడుగులో ఆ నారను అడ్డంగా పేకగా వేసి నాయన నేశాడు. అది ఊరికే తెగేది. ఆయన తిట్టుకుంటూ ముడేసేవాడు.

"పట్టు చెప్పినట్టు వింటాదమ్మా. ఇది నీ మాదిరే, మొండిది!"

చీర మగ్గం దిగాక ఒకే మాట అన్నాడు. "మీ అత్త కూతురి పెండ్లికి ఇదే కట్టుకో. మనోళ్లు బాగుందంటే ఇంకోటి ఏస్తా. లేదంటే మగ్గం ఇప్పేస్తా. మళ్లా నన్ను బతిమాలొద్దు."

మగ్గం విప్పేస్తే ఆ నార కొనే దిక్కు లేదు. పల్లెలో ఆడవాళ్లు మళ్లీ మూటలు కట్టుకుని బెంగుళూరు కూలికి పోవాల్సిందే. నాకు అది బాగా తెలుసు.

తెలిసీ ఏం చేశాను? కదిరిలో పెళ్లి మండపం గడప దాటగానే నా ప్రాణం ఉసూరుమంది. ఎటు చూసినా జరీ ధగధగ. నా ఒంటి మీద మాత్రం ఎండుగడ్డి రంగు. కొంగు భుజం చుట్టూ లాక్కుని, చివర పిడికిట్లో దాచుకుని, వెనక వరుసలో స్తంభం చాటున కూర్చున్నాను. "ఇది చెత్త కాదమ్మా, బంగారం" అని ఆ పల్లెలో ఉపన్యాసాలిచ్చే మనిషిని నేనే! ఛీ, ఏం బతుకు నాది.

అత్త వదులుతుందా? నాయనకు అక్క, నోరు పెద్దది. వచ్చి కొంగు లాగి తిరగేసింది.

"ఏమ్మే, పూలు కట్టే నారతో చీరనా? రేయ్ తమ్ముడూ, నీ కూతురు అరటిచెట్టు చుట్టుకోనొచ్చింది సూడు! ఎవరి మగ్గంరా ఇది?"

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. నాయన పక్కనే ఉన్నాడు. నోరు తెరవాల్సింది నేను. కొంగు మళ్లీ పిడికిట్లోకి లాక్కున్నాను. ఆయన నా పిడికిలి వైపు ఒకసారి చూశాడు.

"ఏమో అక్కా, యాడో కొనుక్కున్నట్టుండాది" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. నాసిగా వచ్చిన చీరను కూడా ఏనాడూ నాది కాదనని మనిషి. నా పరువు కాయడానికి తన పనిని తనది కాదన్నాడు.

"కాదత్తా. నాయనే నేసినాడు" అన్నాను.

అత్త నవ్వు ఆపింది. మళ్లీ కొంగు తిరగేసి వేళ్లతో తడిమింది. "ముడి చేతికి తగల్లేదే! నీ చెయ్యేరా ఇది, ఇంకెవరికొస్తాది?" అంటూ తలెత్తింది. అప్పటికే నాయన భోజనాల వైపు వెళ్లిపోయాడు. ఆ మాట ఆయనకు నేనే చేరవేశాను. ఊఁ అన్నాడంతే.

తిరిగొచ్చి ఊళ్లో బస్సు దిగాక నాయన, "నార తెప్పియ్యి" అన్నాడు.

"నిజంగానా నాయనా!"

"ఆఁ. కానీ ఈ తూరి చీర నీకు కాదు. నార తీసేటోళ్లలో పెద్దామె ఉండాదే, ఆమెకు. ఆమె అయితే కట్టుకోని నలుగుర్లో నిలబడతాది."

సరే నాయనా అన్నాను.