మైకులో చెప్పేసిన మాట

మా అమ్మకి టీబీ. నౌపడ ఉప్పు మళ్ళలో ముప్ఫై ఏళ్ళు బుట్టలు మోసిన మనిషి, దగ్గీ దగ్గీ సగమైపోయింది. మొదట ఆసుపత్రికి తన బండి మీద తీసుకెళ్ళింది మా పాస్టరుగారే. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే ఆయన మీద నా కోపం చూసి మీరు ఇంకోలా అనుకుంటారు.

ఆరు నెలలు మాత్రలు వేసుకోమన్నారు. ఆశ కార్యకర్త ఇంటికి తెచ్చి ఇచ్చేది. రెండు నెలలయ్యేసరికి దగ్గు పోయింది, ఆకలి పుట్టింది. ఆ ఆదివారం గుడిలో సాక్ష్యాలు చెప్పే వేళ అమ్మ లేచి మైకు పట్టుకుంది.

"నా యేసయ్య నన్ను ముట్టినాడు. నా జబ్బు తీసీసినాడు" అంది.

గుడంతా హల్లెలూయలతో మారుమోగింది. నేనూ అన్నాను. కళ్ళు తుడుచుకుంటూ మరీ అన్నాను, నా బుద్ధి మండ!

మర్నాటి నుంచి అమ్మ మాత్రలు మానేసింది.

"ఒసే, మైకులో సెప్పీసినాను కదే. ఇప్పుడు మాత్ర మింగితే నేను అబద్ధం ఆడినట్టు కాదేటి?"

ఆశ అమ్మాయి గుమ్మంలోకొస్తే, "ఎవులైనా సూస్తారు, తీసుకెల్లిపో తల్లీ" అని పంపేసేది. ఆ పిల్ల నన్ను వీధి చివర ఆపింది. "మద్దిలో మానేస్తే జబ్బు మొండిదైపోతాది అక్కా. తరవాత ఈ మాత్రలకి లొంగదు. పేనానికే ముప్పు" అని చెప్పి, మాత్రలు నా చేతిలో పెట్టింది.

అమ్మని బతిమాలాను, తిట్టాను, ఒక పూట అన్నం మానేశాను. మాత్ర ముట్టలేదు. పాస్టరుగారి దగ్గరికి పరిగెత్తాను.

"నేను మానమని అనలేదమ్మా" అన్నారాయన.

"వేసుకోమని ఒక్క మాట చెప్పండి."

"ఆమె విశ్వాసాన్ని నేనెలా కాదంటాను?"

ఒళ్ళు మండిపోయింది. కాదనమని ఎవరన్నారు? నేనూ విశ్వాసినే. దగ్గు తగ్గించింది దేవుడేనని నేనూ నమ్ముతాను. మరి ఆ మాత్రలు ఇంటికి పంపిందెవరట?

మూడు వారాలు అలాగే గడిచాయి. అమ్మకి చదువు రాదు. రోజూ పొద్దున్నే బైబిలు నేనే చదివి వినిపించాలి. ఒక శనివారం కావాలనే కుష్ఠరోగి కథ తీశాను. యేసు అతన్ని ముట్టి బాగుచేస్తాడు. ఎవరికీ చెప్పొద్దని గట్టిగా చెప్పి, వెళ్ళి యాజకుడికి చూపించుకోమంటాడు. జబ్బు పోయిందని తేల్చాల్సింది ఆ రోజుల్లో యాజకుడే. వాడేమో ఊరంతా చాటుకుంటూ పోతాడు. ఆదివారం బడి పిల్లలకి ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో! ఆ చివరి ముక్క మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు.

"మల్లీ సదువు" అంది అమ్మ. చదివాను.

"యేసయ్యే ఆడిని సూపించుకోమన్నాడా?"

"అవునమ్మా."

"మరి ఆడు ఎల్లినాడా?"

"ఎల్లాడో లేదో రాయనేదు. అందరికీ సెప్పుకున్నాడని రాసుంది."

"నోరాగనేదు ఎదవకి. నాలాగే" అంది అమ్మ.

నా దగ్గరున్న మాత్రలు అడిగి తీసుకుని కొంగున ముడేసుకుంది. మింగమ్మా అంటే మింగదు. ఏం మనిషో! నాకు పిచ్చెక్కినంత పనైంది.

మర్నాడు గుడికి పక్క ఊరి సంఘం వాళ్ళొచ్చారు. "వీళ్ళు కూడా వినాలి, చెప్పమ్మా" అని పాస్టరుగారు అమ్మని లేపి మైకిచ్చారు. ఇంకోసారి చెప్పిందంటే ఇక ఎవరు దిగొచ్చినా మాత్ర మింగదు.

అమ్మ కొంగు ముడి విప్పింది.

"దగ్గు తగ్గినాది, నిజిమే. దేవుడికి స్తోత్రం. జబ్బు పోనాదో లేదో నాకు తెలవదు. తెలిసినట్టు సెప్పీసినాను. మాత్రలు మానమని యేసయ్య సెప్పనేదు, పాస్టరుగారూ సెప్పనేదు. నా పరువు కోసం నేనే మానీసినాను. రేపు డాక్టరుకి సూపించుకుంతాను."

బల్ల మీదున్న నీళ్ళ సీసా ఎత్తి, అందరి ముందే మాత్రలు మింగింది. మైకు నోటి దగ్గరే ఉండిపోయింది. ఆ గుటక గుడంతా వినిపించింది.

పాస్టరుగారు మైకు కోసం చెయ్యి చాపారు. ఒక్కరంటే ఒక్కరు హల్లెలూయ అనలేదు. లేచి నిలబడి, గొంతు చించుకుని నేనే అన్నాను.