ఖాలా విప్పని ముడి

ఆ రోజుల్లో వీపున తగిలించుకునే సంచులు దుకాణాల్లో దొరికేవి కావు. దొరికినా కొనే తాహతు మాకు లేదు. మా బడి డ్రిల్లు మాస్టారు పెద్ద తరగతుల పిల్లల్ని పోగుచేసి, దసరా సెలవుల్లో నల్లమల కొండల్లో నడిపిస్తాననీ, అడవి దాటించి కృష్ణ ఒడ్డున నిలబెడతాననీ చెప్పినప్పుడు మాకు మొట్టమొదట ఎదురైన చిక్కు పులులు కాదు, సంచులు.

బేగంబజార్‌లో దళసరి గుడ్డ దొరికింది. కుట్టే పని ఖాలా నెత్తిన పడింది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. ఆమె నాకు పిన్ని కాదు, నా స్నేహితుడి తల్లి. మా బర్రెల కొట్టం గోడా, వాళ్ల ఇంటి వెనక గోడా ఒకటే. ఆ గోడ మీంచి మా అమ్మ పాలచెంబు అందించేది, ఖాలా అటు నుంచి మా చిరిగిన బట్టలు కుట్టి అందించేది. భర్త పోయాక జరీ పని చేసి ఒక్కగానొక్క కొడుకును చదివించుకుంటోంది. పట్టు మీద సన్నటి తీగతో పూలు కుట్టే వేళ్లు ఆ మొరటు గుడ్డకు పుండ్లు పడ్డాయి. భుజాలకు పట్టీలు కావాలి, తోలు ఎక్కణ్నుంచి తెస్తాం? ఖాలా తన మంచం నవారు విప్పి, ముక్కలు కోసి, కొడుకు సంచికీ నా సంచికీ పట్టీలు వేసింది. ఆ తర్వాత చాప మీద పడుకోవడం మొదలుపెట్టింది. అడిగితే నడుం నొప్పికి నేలే మంచిదంది.

సంచులు కుట్టిందే కానీ వాణ్ని పంపడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు. "కొండలల్ల ఏమున్నదిరా? మౌలాలి గుట్ట ఎక్కలేదా నువ్వు? గదే రాయి, గదే ముళ్లకంప" అనేది. వాడు అలిగి అన్నం మానేశాడు. వాడి అలక మా ఇంటిదాకా వినిపించేది, ఎందుకంటే అన్నం మానేసిన రోజుల్లో వాడు మా ఇంట్లోనే తినేవాడు. చివరికి మా అమ్మే గోడ దగ్గర నిలబడి చెప్పింది. "పోనియ్యక్కా. ఇద్దరు గలిసి పోతరు, ఇద్దరు గలిసి వస్తరు. ఫికర్ జెయ్యకు."

ఖాలా ఒప్పుకుంది. బయల్దేరే పొద్దున మా ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి కుడి జబ్బలకు ఇమాంజామిన్ కట్టింది. ప్రయాణం పోయేవాళ్ల జబ్బకు గుడ్డలో నాణెం చుట్టి కట్టడం మా ఊళ్లో ఆనవాయితీ, ముస్లింల ఇళ్లలోనే కాదు, మా ఇళ్లలోనూ. దారిలో ఆపద రాకుండా అది కాపలా. క్షేమంగా తిరిగి వచ్చాక కట్టిన చేత్తోనే విప్పాలనీ, ఆ నాణెంతో మిఠాయి కొని పంచాలనీ ఖాలా పద్ధతి. తన జరీ పనిలో మిగిలిన ఆకుపచ్చ పట్టుముక్కలతో కట్టింది మాకు. "ఇంట్ల అడుగు వెట్టినంక నేనే విప్పుత. అప్పటిదాంక ముట్టొద్దు" అంది.

బస్సు మమ్మల్ని అచ్చంపేటలో దింపింది. అక్కణ్నుంచి కాళ్లే. మన్ననూరు దాటి అడవిలోకి వెళ్లేసరికి నవారు పట్టీలు భుజాల్ని కోసేయడం మొదలుపెట్టాయి. నా స్నేహితుడికి అలుపు లేదు. ముందు నడుస్తూ, కనబడిన ప్రతి కొండకూ మా పంతుళ్ల పేర్లు పెట్టుకుంటూ పోయాడు. బోడిగా నున్నగా ఉన్నది లెక్కల సారు, ఎప్పుడూ మబ్బు కప్పుకుని ఉండేది ఫార్సీ మౌల్వీ సాబు. డ్రిల్లు మాస్టారి కొండ ఏదని ఆయనే అడిగితే తడబడకుండా అన్నింటికంటే ఎత్తయినది చూపించాడు. ఆయన ఆ రోజంతా మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

వంట రెండు పొయ్యిల మీద జరిగేది, హిందువులకొకటి, ముస్లింలకొకటి, ఇంట్లో పెద్దవాళ్లు అలా చెప్పి పంపారు కాబట్టి. ఒక మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. ఒక పొయ్యి కట్టెలు మొత్తం తడిసిపోయాయి. మిగిలిన ఒక్క పొయ్యి మీద, ఒక్క గిన్నెలో కిచిడీ ఉడికింది. అందరం చుట్టూ కూర్చుని తిన్నాం. ఇళ్లలో ఎవరూ ఈ సంగతి చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాం. నాకు తెలిసి ఎవరూ చెప్పలేదు. అంత రుచిగల కిచిడీ నేను మళ్లీ తినలేదు, అడుగంటిపోయినా సరే.

కొండ అంచు నుంచి కృష్ణ మొదట కనబడినప్పుడు నావాడు చిన్నబుచ్చుకున్నాడు. "గిదా? మన మూసీ నయం గదరా" అన్నాడు. దిగుతూ దిగుతూ పోతే అది పెరుగుతూ వచ్చింది. అడుగుకు చేరాక ఇద్దరం అవతలి గట్టు చూస్తూ రాళ్ల మీద కూర్చున్నాం. వాడు నీళ్లలో చెయ్యి పెట్టి, "అమ్మిని ఒక్కసారి తోలుకొస్త ఈడికి. పర్దా గిర్దా ఏముంది, ఎవ్వలున్నరు చూడనీకె" అన్నాడు. వాడి తల్లి చార్మినార్ దాటి వెళ్లడమే పండగలకూ పబ్బాలకూ.

తిరుగుదారిలో ఒక చెంచు గూడెం దగ్గర సీతాఫలాలు విరగకాసి ఉన్నాయి. ఖాలాకు సీతాఫలమంటే ప్రాణం. వాడు సంచి ఖాళీ చేసి కాయలు నింపాడు. నలిగిపోతాయని కాయల చుట్టూ తన కంబళి చుట్టాడు. ఆ తర్వాత అడవిలో పడుకున్నన్నాళ్లూ వాడు కప్పుకోవడానికి ఏమీ లేకుండానే పడుకున్నాడు. దోమలు ముసురుతున్నాయని నేను తిడితే, "నెత్తురు జెర తాగుతయి, తాగనీ" అన్నాడు. ఈ కంబళి సంగతి ఖాలాకు నేనెప్పుడూ చెప్పలేదు. ఆమె మోసే బరువు ఆమెకు చాలు.

ఇల్లు చేరిన సాయంత్రం ఖాలా గుమ్మం పరదా పక్కకు నెట్టి, ఇద్దర్నీ లోపలికి లాగి, మొహాలు తడిమింది. ముందు కొడుకు జబ్బ పట్టుకుని ముడి విప్పింది. తర్వాత నాది. నా ముడి రాలేదు. వానలో తడిసి, ఎండకు ఎండి, పట్టు దారం గట్టిగా బిగుసుకుపోయింది. గోళ్లతో లాగింది, పళ్లతో లాగింది, నవ్వొచ్చి వదిలేసింది. "ఉండు, సూది తెస్త" అని లేచేసరికి సంచిలోంచి సీతాఫలాలు చాప మీదికి దొర్లాయి. పండినవి పండినట్టు కంబళికి అంటుకుపోయి ఉన్నాయి. అందరం వాటి మీద పడ్డాం. సూది సంగతి ఎవరికీ గుర్తు లేదు. కొడుకు నాణెంతో ఖాలా బతాసాలు తెప్పించి గల్లీ అంతా పంచింది.

దీపావళి ఇంకా రాలేదు, నాకు చలిజ్వరం వచ్చింది. అదే రోజు గోడవతల వాడికీ వచ్చింది. పళ్లు టకటకలాడే చలి, ఆ వెనకే ఒళ్లు కాలిపోయే వేడి. ఒకే డాక్టరు వచ్చాడు, ఇద్దరికీ ఒకే చేదు మందు ఇచ్చాడు. మా అమ్మా ఖాలా గోడ మీంచి మాట్లాడుకునేవాళ్లు. "నీ వానికి చెమట వట్టిందా?" "ఇంక లేదు. నీ వానికి?" నాకు చెమట పట్టింది. వాడికి జ్వరం తలకెక్కింది. కొండల పేర్లు చెబుతూ ఉండేవాడట, లెక్కల సారు, మౌల్వీ సాబు అని. ఒక మధ్యాహ్నం మా అమ్మ వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. "ఎట్లున్నడు?" అని అడిగాను. "నిద్రపోతున్నడు" అంది. గోడవతల ఆడవాళ్ల ఏడుపు నాకు వినిపిస్తూనే ఉంది.

వాడి పాడెకు భుజం పట్టడానికి నాకు లేచి నిలబడే బలం లేదు. మంచం మీంచి ఆ అడుగుల చప్పుడు గల్లీ చివరి దాకా విన్నాను. నవారు పట్టీలు ఒరుసుకున్న మచ్చ నా భుజం మీద ఇంకా మానలేదు. వాడి భుజం మీదా ఉండి ఉంటుంది. పదిహేడేళ్ల నా బతుకులో అంత ఏడుపు నాలో ఉందని నాకు తెలియదు.

నలభయ్యో రోజు అయ్యాక ఖాలా మా ఇంటికి వచ్చింది. పలకరించడానికి వచ్చిందనుకున్నాం. వచ్చీ రాగానే నా అంగీ చేయి పైకి తోసింది. ఆకుపచ్చ పట్టు మాసిపోయి ఇంకా అక్కడే ఉంది. ఖాలా అలాగే నేల మీద కూలబడింది.

"నీది విప్పలే" అంది. "వానిది విప్పిన. వాని ప్రయాణం ఖతం కాలే బేటా. ఆ కొండలు వాని నెత్తుర్లనే ఉండె. ఇల్లు చేరిండని నేను విప్పిన. నా చేతులతోని విప్పిన."

మా అమ్మ ఆమె వీపు నిమిరింది. ఖాలా కన్నీళ్లు తుడుచుకుని సూదీ దారం అడిగింది. నా పాతగుడ్డ విప్పకుండానే దాని మీద కొత్తగుడ్డ చుట్టి కుట్టేసింది. అప్పట్నుంచి ఏటా అదే. గుడ్డ చీకిపోతే పైన ఇంకొకటి.

నాకు రైల్వే గోదాములో గుమాస్తా పని దొరికింది. పెండ్లయింది. పెండ్లిపీటల మీద పంతులు నా జబ్బ చూసి మొహం చిట్లిస్తే మా అమ్మ, "అది ఉంటది పంతులూ. మీ మంత్రాలు మీరు చదువుండ్రి" అంది. ఖాలా వాళ్ల అన్న వచ్చి, ఒంటరిగా ఎందుకు, తన ఊరు రమ్మన్నాడు. "వీనిది విప్పకుంట యాడికి పోత?" అని ఆయన్ను పంపేసింది. అలాగని విప్పేది కాదు. నేను ఊరు దాటే ప్రతిసారీ తడిమి చూసి, ముడి గట్టిగా ఉందని తెలుసుకుని, నిట్టూర్చేది.

నాకు ఒళ్లు మండేది. జబ్బ మీద బరువు వల్ల కాదు. ఆమె తన కొడుకును తానే చంపుకున్నానని నమ్మి బతకడం చూడలేక. ఒకరోజు డాక్టర్లు చెప్పిందంతా చెప్పాను, ఆ జ్వరం దోమకాటుతో వస్తుందని. ఖాలా శ్రద్ధగా విన్నది. "దోమ ఇద్దరిని కుట్టింది గద" అంది.

"అయితే ఇప్పుడు విప్పు ఖాలా. నాకేమీ కాదు. అప్పుడన్న నమ్ముతవు, నీ చేతిల ఏం లేదని."

ఆమె నా వైపు చూసిన చూపు మరచిపోలేను. విప్పాలని ఆమెకు ఎంత ఉందో ఆ చూపులో ఉంది. చేయి ముందుకు వచ్చింది కూడా. మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. "ఏమన్న అయితే? వాడు పోయిండు. నిన్ను గూడ పోగొట్టుకోమంటవా?"

సరే, నేనే తేలుస్తాననుకున్నాను. వానాకాలం మొదట్లో ఒక పొద్దున మా ఆవిడ కత్తెరతో ఒకదాని మీద ఒకటిగా ఉన్న గుడ్డలన్నీ కత్తిరించి తీసేశాను. కింద చర్మం పసిపిల్లల చర్మంలా తెల్లగా ఉంది. నాణెం నల్లబడింది. ఆ వానాకాలమంతా ఊరు దాటకుండా, పొడుగుచేతుల అంగీ వేసుకుని ఖాలా ముందు తిరిగాను. తడవాల్సిన వానల్లో తడిశాను. దసరా వెళ్లింది, సీతాఫలాలు వచ్చాయి, దీపావళీ వెళ్లింది. తుమ్ము కూడా రాలేదు.

అప్పుడు ఖాలా దగ్గరికి వెళ్లాను. జరీ పని ఆమె కళ్లను తినేసింది, గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని ఉంది. వెనక గోడకు, కొక్కేనికి, కొడుకు సంచి అప్పటి సీతాఫలం మరకలతో అలాగే వేలాడుతోంది. అంగీ చేయి పైకి మడిచి చూపించాను.

"చూడు ఖాలా. వానలు వడ్డ దినమే తీసేసిన. అన్ని నెలలాయె. నాకేమైంది? ఏమీ కాలే. నీ చేతిల ఏమీ లేదు ఖాలా. వాడు నీ వల్ల పోలేదు."

ఖాలా వేళ్లతో నా జబ్బ మీద ఆ తెల్లటి చారను తడిమింది. చాలాసేపు తడిమింది. మొహం ఒక్క క్షణం విచ్చుకున్నట్టే అనిపించింది.

"నువ్వు విప్పుకున్నవ్ బేటా" అంది మెల్లగా. "నా చెయ్యి విప్పలే గద."

నాణెం ఏదని అడిగింది. జేబులోంచి తీసి ఇచ్చాను. తడుముకుంటూ లేచి, కొక్కెం నుంచి సంచి దించి, ఒక పట్టీ నుంచి నవారు సన్నగా పొడుగ్గా చీల్చింది. వాడు పోయినప్పట్నుంచి ఆ సంచిని ఎవర్నీ ముట్టనివ్వలేదు ఆమె. ఆ పేలికలో నాణెం చుట్టి నా జబ్బకు కట్టింది. ఒక ముడి, దాని మీద ఇంకొకటి. ఆ తర్వాత పక్కనున్న గ్లాసులో వేళ్లు ముంచి, ముడిని నీళ్లతో బాగా తడిపి, మళ్లీ లాగి బిగించింది.

"ఆరనియ్యి. ఇగ ఊడది" అంది.

ఎండాకాలం రాకముందే ఖాలా పోయింది. ఆమె పాడెకు భుజం పట్టాను, కుడి భుజమే. వాడి పక్కనే పడుకోబెట్టాం. నవారు ముడి నా జబ్బ మీద ఇంకా ఉంది. కత్తెర ఇంట్లోనే ఉంది. తెంపేసి, ఏమీ కాలేదని ఎవరికి చూపించను?