ఏటి పక్క చివరి జాగా

కెనడా కొండల్లో బస్సంత బండిని ఎక్కడ నిలపవచ్చో, ఎక్కడ నిలపకూడదో నాకు తెలిసినంతగా మా అన్నమయ్య జిల్లాలో ఇంకెవరికీ తెలిసి ఉండదు. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం. కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని, ఇంటిపని చేసుకునే మనిషిని నేను. మా మామా, అంటే ఆ ఇంటి పెద్దావిడ, ఆమె భర్త బాబా, ఇద్దరికీ ఎండాకాలం రాగానే కొండల మీదికి గాలి మళ్ళేది. అక్కడికి పోయి మోటార్‌హోమ్ అద్దెకు తీసుకునేవాళ్ళు. మంచాలు, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉన్న ఇల్లు, కింద చక్రాలు. చిన్నకొడుకు నడిపేవాడు, నేను వండేదాన్ని. వాళ్ళ పిల్లలకు ఓపిక లేక, నేను ఇంటర్ దాకా చదివానని, జాగాలు వెతికే పని కూడా నా నెత్తినే పడేశారు.

అదేమీ చిన్న పని కాదు. అక్కడి నేషనల్ పార్కుల్లో క్యాంప్‌గ్రౌండ్లు చాలావరకు చిన్న కార్ల కాలంలో చేసినవి. చెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, మలుపులు ఇరుకు. ఒక్కో జాగాలో ఎంత పొడవు బండి పడుతుందో రాసి పెడతారు. వెనక తగిలించిన సైకిళ్ళ స్టాండు కూడా ఆ పొడవులో లెక్కే. ముందు నుంచి వచ్చి ముందుకే వెళ్ళిపోయే జాగాలు బుకింగ్ తెరిచిన కాసేపటికే అయిపోతాయి. వెనక్కి నడిపి పెట్టాల్సిన జాగా దొరికిందా, నేను దిగి వెనక నిలబడి "యల్లా, యల్లా... బస్, బస్!" అని, అంటే రా రా, చాలు చాలు అని, గొంతు చించుకోవాలి. వీటికి తోడు మామా షరతులు. తలుపు పక్కవాళ్ళ వైపు తెరుచుకోకూడదు. నమాజుకు నేల చదునుగా ఉండాలి. నీళ్ళ చప్పుడు వినపడాలి. ఇవన్నీ కుదిరిన జాగా ఒక్కటే దొరికింది. ఏటి పక్కన, వరసలో చివరిది. బాబా పోయింది అక్కడే.

పోయిన ఎండాకాలం సంగతి. తెల్లవారుతూనే నమాజు చేసుకుని, బయట మడత కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడాయన. నేను గహ్వా, అదే వాళ్ళ కాఫీ, పోసిచ్చాను. చలిగా ఉంది, లోపలికి రమ్మంటే, "నువ్వు పో, కాసేపు ఈ నీళ్ళ మాటలు విననీ" అన్నాడు. రెండో కప్పు తీసుకుని వెళ్ళేసరికి మనిషి అలాగే కూర్చుని ఉన్నాడు, ప్రాణం లేదు. అక్కడ ఫోన్లు కలవవు. చిన్నకొడుకు పరిగెత్తి పార్కు మనుషులను పిలుచుకొచ్చాడు. ఆ తరువాతంతా హడావిడే. కాగితాలు, విమానం, కువైట్‌కు తెచ్చి మట్టి చేయడం. మమ్మల్ని గబగబా కారెక్కించి పంపేశారు. మామా ఆ చోటిని వెనక్కి తిరిగి చూడను కూడా లేదు.

వాళ్ళలో ఇద్దా అని ఒక పద్ధతి ఉంది. భర్త పోయిన ఆడమనిషి కొన్ని నెలలు ఇల్లు కదలకూడదు. ఆ నెలలన్నీ ఆ ఇంట్లో మామా, నేను, ఏసీ చప్పుడు. ఇక్కడి మగవాళ్ళు ఆడవాళ్ళుండే వైపు వచ్చేముందు గొంతు సవరించుకుంటారు, లోపలున్నవాళ్ళు తలమీద గుడ్డ కప్పుకోవడానికి. బాబా దగ్గు నాకు బాగా తెలుసు. రెండు చిన్న దగ్గులు, ఆపైన "యా అల్లా". ఒక మధ్యాహ్నం బియ్యం కడుగుతుంటే నడవలో ఆ దగ్గు వినిపించింది. అలవాటు కొద్దీ తడిచెయ్యి తలమీది గుడ్డ దగ్గరికి పోయింది. తొంగిచూస్తే ఎవరూ లేరు. మామా గదిలోకి పోయి చూద్దును కదా, ఆమె సోఫాలో కాస్త పక్కకు జరిగి కూర్చుంది, ఇంకో మనిషికి చోటిచ్చినట్టు. వంటింట్లోకి తిరిగివచ్చి కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడిగాను.

కొన్నాళ్ళకు ఆమే ఏడుస్తూ బయటపెట్టింది. కలలో వస్తున్నాడట. చలి, చలి అంటున్నాడట. "మా మతంలో ఇలాంటివి లేవు, నాకు తెలుసు. పోయినవాళ్ళు దేవుడి దగ్గర ఉంటారు. మరి ఈయన రావడం మానడే! మీలో ఏం చేస్తారు?" అంది. అడిగితే చెప్పనా? ప్రాణం పోయిన చోట దీపం పెడతాం, పక్కన చెంబుతో నీళ్ళు పెడతాం, కర్మ అయ్యేదాకా ఆ చోటిని చీకటిగా వదలం అన్నాను. ఆమె ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది.

"మరి అక్కడ ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదు మామా."

ఇక పట్టుకుంది. అదే జాగాకు పోవాలి, ఆయన కూర్చున్న చోటే దీపం పెట్టాలి, చీకట్లో వదిలేసి పోయానని ఆయనకు చెప్పుకోవాలి. లేకపోతే తనకు ముద్ద దిగదు అంది. నిజంగానే తిండి మానేసింది. పెద్దకూతురు వచ్చి నా మీద విరుచుకుపడింది. "మా అమ్మ బుర్రలో ఈ హరాం మాటలెందుకు ఎక్కించావు?" అని. నేనేమన్నానని? అడిగినదానికి చెప్పాను. వాళ్ళ నాయన వాళ్ళింట్లో దగ్గుతుంటే దానికి నేనా పూచీ! ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. రోజురోజుకూ మామా చిక్కిపోతుంటే చివరికి కూతురే దిగివచ్చింది. తీసుకుపోతాను, కానీ పెద్ద మోటార్‌హోమ్ ఉంటేనే, మోకాళ్ళ నొప్పుల మనిషిని చలిలో నేలమీద పడుకోబెట్టేది లేదు అంది.

ఐప్యాడ్ ముందేసుకుని కూర్చున్నాను. ఆ క్యాంప్‌గ్రౌండ్ పేజీ తెరిచి చూస్తే పైనే ఒక నోటీసు. ఏరు పొంగి దారి కోసుకుపోయిందట. ఏటి పక్క వరసలోకి ఇకమీదట పెద్ద బండ్లను రానివ్వరట, గుడారాలకు మాత్రమేనట. కూతురికి చూపించాను.

"ఇంకో పార్కులో తియ్యి. ఏరుంటే చాలు. అమ్మకు చూపు ఆనడం లేదు కదా, అదే జాగా అని చెప్పు. కొండలన్నీ ఒకటే, చెట్లన్నీ ఒకటే."

"తప్పు కదా" అన్నాను.

"నాకూ ఆయన నాన్నే" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "అమ్మ ఒక్క పూట కడుపునిండా తిని నిద్రపోతే చాలు నాకు."

ఆమెను చెడ్డమనిషి అనలేను.

మా ఇంటి డ్రైవర్ కడప వైపు పిల్లోడు, నన్ను అక్కా అంటాడు. వాడితో చెబితే నెత్తి కొట్టుకున్నాడు. "ఏందక్కా, నీకేమన్నా పిచ్చి పట్టిందా? మనిషి సచ్చిన జాగాకు మళ్ళా పోతారా యాడన్నా? వాళ్ళు యాడ జెప్తే ఆడ బుక్కు జెయ్యి. నీ సొమ్మేం పోయింది?"

"ఆ ముసిలామెను చూస్తాండావా నువ్వు? పొద్దస్తమానం వాకిలి పక్కే చూస్తాంటాది."

"చూడనీలే. ఆమె చూసేది ఆమె మొగుని కోసరం. నువ్వేల చూస్తాండావు?"

వాడు నా మొహం చూసి బండి తుడుచుకోవడానికి పోయాడు.

రెండు మూడు రోజులు వెతికితే ఇంకో పార్కులో ఒక జాగా దొరికింది. పొడవుకు సరిపోయింది, ఏటి పక్కనే, తలుపు చెట్ల వైపు. ఇంకెప్పుడైనా అయితే ఎగిరి గంతేసేదాన్ని. సాయంత్రం నమాజు అయ్యాక మామా కాళ్ళ దగ్గర కూర్చున్నాను. కూతురు అప్పుడే బయటికి పోయింది, కావాలనే పోయింది.

"దొరికింది మామా. ఏటి పక్కన, చివరిది."

ఆమె మొహం విప్పారింది. "నీళ్ళ చప్పుడు వినపడుతుందా?"

"వినపడుతుంది."

"నమాజుకు ముందు ఆయన కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకునే గుంటరాయి ఉందా అక్కడ?"

ఉంది అనడానికే నోరు తెరిచాను. నడవలో దగ్గు వినిపించింది. ఒక్కటే. రెండోది రాలేదు. ఆమె తల తిప్పింది, నేనూ తిప్పాను. రెండో దగ్గు కోసం ఇద్దరం అలా చూస్తూనే ఉన్నాం. "యా అల్లా" కూడా రాలేదు. నడవలో లైటు వెలుగుతూనే ఉంది, మనిషి మాత్రం లేడు. నిజంగా వినిపించిందా అని నన్నెవరైనా అడిగితే ఒట్టేసి చెప్పలేను.

"లేదు మామా. ఇది ఆ జాగా కాదు."

ఏరు పొంగిన సంగతి, పెద్ద బండ్లను రానివ్వని సంగతి, కూతురు చెప్పమన్న సంగతి, అన్నీ ఏడుస్తూ చెప్పేశాను. పెద్ద బండి అక్కడికి పోదు, పెద్ద బండి లేకపోతే కూతురు పోనివ్వదు. ఆ ప్రయాణాన్ని నా చేతులతో నేనే తుంచేశానని తెలుసు. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"గుడారాలకు ఇస్తారన్నావు కదా?" అంది.

"ఇస్తారు."

"నేను పుట్టిందే గుడారంలో. మా అమ్మ నన్ను కన్ననాడు ఈ ఏసీ ఉందా, ఈ సోఫా ఉందా? మేకల వెంట్రుకలతో నేసిన గుడ్డ, కింద ఇసుక. ఆ బండి నా పిల్లలకు కావాలి. నాకెందుకు?"

కూతురు తిరిగివచ్చాక ఇల్లు దద్దరిల్లింది. చలి అంది, ఎలుగుబంట్లు అంది, మోకాళ్ళంది. "పడుకుంటే లేవలేవమ్మా" అంది. మామా నావైపు వేలు చూపించి "ఇది లేపుతుంది, ఖలాస్" అంది. నన్నొక మాట అడిగిందా? లేదు. ఆ మడత కుర్చీ వేసిన చోట, గుడ్డగోడల మధ్య పడుకోవాలంటే నాకు భయం. అయినా తల ఊపాను. కూతురు అరిచి అరిచి అలిసిపోయి తల్లి పక్కన కూలబడింది. చిన్నపిల్లలా అడిగింది.

"నాన్న నిజంగా చలి అన్నాడా అమ్మా?"

మామా ఆమె తల నిమిరింది. ఆ తరువాత ఎవరూ వద్దనలేదు.

మర్నాడు ఐప్యాడ్ తీశాను. ఏటి పక్క చివరి జాగా ఇంకా ఖాళీగానే ఉంది. లోపల ఎక్కడో, ఎవరైనా తీసేసుకుని ఉంటే బాగుండునని కూడా అనిపించింది, దాచడమెందుకు. మామా నా పక్కనే కూర్చుని, కనిపించని ఆ బొమ్మలోకి కళ్ళు చికిలించి చూస్తోంది.

"ఎన్ని రాత్రులకు తియ్యమంటావు మామా?"

"రెండు."

"ఒక్క రాత్రి చాలదా?" అని ఆశగా అడిగాను. నా భయం నాది.

"చాలదు" అంది. "మొదటి రాత్రి పలకడు. వదిలేసి పోయానని అలిగి ఉంటాడు."