స్పీకర్‌కు చెవి ఆనించే మరిది

బేతంచెర్లలో పెళ్లి ఊరేగింపు మధ్య, నా మూడేళ్ల కొడుకు డీజే బండి స్పీకర్‌కు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

అది అచ్చం ఆ బండి మీద డీజే నడిపే మా మరిది అలవాటు. డీప్ హౌస్ అనే డాన్స్ పాట పెట్టి, స్పీకర్‌కు చెవి ఆనించి, "ఈ బేస్ పాత డిస్కోది వదినా, ఆ గిటార్ ఫంక్ పాటలది. అవి లేకుంటే ఈ పాటే లేదు," అని మురిసిపోతుంటాడు.

బిడ్డను లాక్కుని, "వీని చెవులు పోతే నువ్విస్తావా?" అని మరిది మీద అరిచాను.

"నాకేమయింది వదినా? ఇన్నేండ్లుగా వింటాండా," అని నవ్వాడు.

అతని ఎడమ చెవి పనిచేయదని ఇంట్లో అందరికీ తెలుసు. అతనొక్కడే ఒప్పుకోడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే వాడికీ, వాడి అక్కకూ చెప్పాను: "చిన్నాయనకు ఎడమ పక్క నిలబడి మెల్లగా పిలవండి. పలికితే మీరూ స్పీకర్ కాడికి పోండి."