మాస్టారు నేర్పిన రెండు అనుమానాలు

మా ఇంగ్లీషు మాస్టారు పోయారు. సుల్తాన్ బజారులో జాకెట్టు గుడ్డ బేరమాడుతుంటే, ఒకప్పుడు నాతో చదివినామె కనిపించి చెప్పింది. ఏడుపు రాలేదు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సయించలేదు.

రాజధానితో పాటు కర్నూలు నుంచి హైదరాబాదుకు వచ్చిన గుమాస్తా కుటుంబం మాది. ఆబిడ్స్‌లో బట్టల దుకాణం పైగదిలో ఆయన సాయంత్రాలు క్లాసు చెప్పేవారు. థింక్ అనవలసిన చోట బిలీవ్ అంటే ఒప్పుకునేవారు కాదు. "నమ్ముతున్న అంటే పూచీ వడ్డట్టు. జర సోంచాయించి చెప్పు బిడ్డా" అనేవారు.

ఒకరోజు నేను "ఐ డౌట్ హీ ఈజ్ ఎ థీఫ్" అన్నాను, వాడు దొంగేమోనని నా ఉద్దేశం. ఆయన నవ్వారు. "డౌట్ అంటే కాదనుకుంటున్నవు. సస్పెక్ట్ అంటే ఔననుకుంటున్నవు. తెలుగుల రెండూ అనుమానమే. ఇంగ్లీషుల గట్ల గాదు."

నాంపల్లిలో పైపుల కంపెనీలో టైపిస్టు ఉద్యోగం కూడా ఆయన మాటతోనే వచ్చింది. ఆయన అల్లుడు అక్కడే పనిచేసేవాడు. ఒకసారి మా టెండరు ధర పోటీ కంపెనీకి ముందే తెలిసిపోయింది. టైపు చేసింది నేను. మేనేజరు బొంబాయి మనిషి, తెలుగు రాదు. నన్నూ, నాన్ననూ, పూచీపడిన మాస్టారినీ పిలిపించాడు. ఈ పిల్లే చేసిందంటారా అని ఇంగ్లీషులో అడిగాడు.

మాస్టారు గోడకేసి చూస్తూ అన్నారు: "ఐ సస్పెక్ట్ షీ డిడ్."

ఇంగ్లీషు రాని నాన్న ఆశగా నా చెవిలో అడిగాడు. "మాస్టారు మన తరఫున చెప్పారు కదమ్మా?"

"చెప్పారు నాన్నా" అన్నాను. ఆ సాయంత్రమే ఉద్యోగం పోయింది.

కొద్ది నెలలకే ఆ అల్లుడు పోటీ కంపెనీలో పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. ధర చేరవేసిందెవరో అప్పుడు అర్థమై క్లాసుకు వెళ్ళాను.

"మాస్టారూ, ఆరోజు నోరు జారారా?"

"జారలేదు బిడ్డా. అల్లుడు జైలుకు వోతే నా బిడ్డ బతుకేమైతది? నువ్వు హుషారు పిల్లవు, ఇంకో నౌకరి దొరుకుతదనుకున్న."

"అనుకున్నారా, నమ్మారా?"

ఆయన తల వంచుకున్నారు. నేను మెట్లు దిగి వచ్చేశాను. మళ్ళీ కలవలేదు. ఆయన నేర్పిన ఇంగ్లీషుతోనే హిమాయత్‌నగర్ బడిలో పంతులమ్మనయ్యాను, ఇవాళ్టికీ ఆ అన్నమే తింటున్నాను. ఆ మేలు కాదనలేను. కాదనగలిగితే కోపమైనా తిన్నగా ఉండేది.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన కూతురు నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "బాపు ఎప్పుడూ నీ ముచ్చటే చెప్పెటోడక్కా. గసొంటి తెలివి ఇంకెవ్వరికీ లేదనెటోడు."

ఆమెకేమీ తెలియదు. నేనూ చెప్పలేదు. నన్ను చూడగానే ఆమె భర్త అరుగు దిగి గల్లీలోకి వెళ్ళాడు. నేను కూర్చున్నంతసేపూ మిట్టమధ్యాహ్నపు ఎండలో, చెప్పులు లేని కాళ్ళు మార్చి మార్చి వేస్తూ, ఇంటికి వీపు తిప్పి నిలబడే ఉన్నాడు.