లేవని ఓటు నడిచొచ్చిన రోజు

మా చిన్నప్పుడు... మా జేజినాయన, అదే మా తాత, ఒంటరిగా వీధిలోకి పోవడం నేనెప్పుడూ చూడలేదు. పొద్దున్నే చెంబు పట్టుకొని చేనివైపు పోయినా సరే, కుడిపక్క తిరుపాలు మామ, ఎడమపక్క ఓబులేసు మామ ఉండాల్సిందే.

పెద్దముడియం దగ్గర మా ఊరు. ఊళ్లో రెండు పార్టీలు. ఆ రోజుల్లో పార్టీలో కాస్త పేరున్న మనిషి పక్కన మనుషులు లేకుండా గడప దాటేవాడు కాదు. అందులో భయమూ ఉండేది... కొంచెం దర్జా కూడా ఉండేదిలెండి.

అట్లాంటి మనిషి ఒకరోజు పొద్దున గొర్రెల దొడ్డిలో కూలబడిపోయాడు. మూతి వంకరపోయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు చచ్చుబడ్డాయి. జమ్మలమడుగు ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టి పంపించారు. ఇంటికొచ్చాక మావాళ్లు ఊరుకుంటారా... పావురం నెత్తురు తెచ్చి పూశారు, ఎవరేం చెబితే అది కట్టారు. పాపం, పావురాలు పోయాయి గానీ పక్షవాతం పోలేదు.

నెలలు గడిచేకొద్దీ కాలూ చెయ్యీ కొంచెం కొంచెం కదిలాయి. కానీ నిలబెడితే చాలు, ఎడమకు ఒరిగిపోయేవాడు. మామలిద్దరూ చెరో రెక్కా పట్టుకొని వీధి చివరిదాకా తిప్పి తెచ్చేవాళ్లు. ఆయన పాదాలు నేలకు సరిగ్గా ఆనేవే కావు. మేమేమో బ్రహ్మాండంగా నడుస్తున్నాడని మురిసిపోయేవాళ్లం.

అంతలో ఎలక్షన్లు వచ్చాయి...

మా ఊళ్లో 'లేవని ఓటు' అని ఒక మాట ఉండేది. మంచం పట్టినవాళ్ల ఓటన్నమాట. అది ముందు ఎవరికి చిక్కితే వాళ్లే వేసేసుకునేవాళ్లు. అవతలి పార్టీవాళ్లు టీకొట్టు దగ్గర ఆ వరుసలో జేజినాయన పేరు కూడా చదివారని తెలిసింది. వాళ్లంటే అన్నారనుకోవచ్చు. సాయంత్రం మా పార్టీవాళ్లే వచ్చి, నువ్వేం కష్టపడొద్దు, నీ ఓటు మేమే వేస్తాంలే అన్నారు.

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. జేజినాయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మర్నాడే మా జేజి, అంటే మా నాయనమ్మ, పోయి కరుణమ్మను పిలుచుకొచ్చింది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, పెద్దతనంలో మా ఊరి చర్చి పక్కన ఉండేదామె. మామలు జేజినాయనను నడిపించి చూపించారు. కరుణమ్మకు మెచ్చుకోలు మాటలు తెలియవు.

"వదలండప్పా. మీరు పట్టుకుంటే నడిచేది మీరు, ఆయప్ప కాదు. చేయందేంత దూరంలో ఉండండి. పడేటప్పుడు పట్టండి, పడకముందే కాదు" అంది.

ఆ రోజు నుంచి మా ఇల్లే బడి అయింది. గోడ మూలకు ఆయన వీపు ఆనించి, ముందర కుర్చీ వేసి, పాదాలు దగ్గరగా పెట్టించి నిలబెట్టేది. ఇరవై లెక్కపెట్టే పని నాది. ఆయన ఉరిమి చూస్తే పదహారు నుంచి ఇరవైకి దూకేసేదాన్ని... కరుణమ్మ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టించేది. తిన్నె మీద నుంచి చేతులు ఆనించకుండా లేవాలి, కూర్చోవాలి. వక్కాకు సంచి ఎడమపక్క చిలక్కొయ్యకు తగిలించింది. వక్కాకు కావాలంటే ఆ చచ్చుకాలి మీద బరువు మోపి అందుకోవాల్సిందే. ఎద్దులకు మేత వేసే గాడి పట్టుకొని పక్కకు పక్కకు అడుగులు వేయాలి. అవన్నీ కుదిరాక, గొంగడి నాలుగు మడతలు వేసి ఆ మెత్తటిదాని మీద నిలబడమంది.

చివరికి, నడుస్తూ తల అటూ ఇటూ తిప్పి చూడమంది. పక్షవాతం వచ్చాక జేజినాయన మొదటిసారి నవ్వాడు.

"ఎవడు ఎటునుంచి మీద పడతాడో అని ముప్పై ఏండ్లుగా అట్లే నడుస్తాండా కరుణమ్మా, ఇది గూడా నేర్పాల్నా?" అన్నాడు.

అని తల తిప్పాడు... పోయి తిరుపాలు మామ మీద పడ్డాడు. అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది దానికే.

ఓట్ల రోజు రానే వచ్చింది. ఓట్లు వేసే బడికి పోవాలంటే అవతలి పార్టీవాళ్ల వీధి దాటాలి. జేజినాయన కుడిచేతిలో కర్ర పట్టుకొని గడప దాటాడు. మామలిద్దరూ చేయందేంత దూరంలో వెనక. ఆ వెనక జేజి, నేను. వీధి వీధంతా తిన్నెల మీద కూర్చొని చూస్తోంది.

సరిగ్గా అవతలి పార్టీ పెద్ద ఇంటిముందు ఒక మేకపిల్ల కాళ్లకు అడ్డం దూకింది. జేజినాయన ఎడమకు ఊగాడు. తిన్నె మీదున్న ఆ పెద్దాయన కూడా సగం లేచాడు. మామలు చేతులు చాపారు.

"పట్టొద్దండి" అంది మా జేజి.

ఆయన గాడి దగ్గర నేర్చిన అడుగు ఒకటి పక్కకు వేశాడు. ఇంకొకటి వేశాడు. నిలబడ్డాడు! తల అటు తిప్పి, ఇటు తిప్పి వీధినంతా ఒకసారి చూసి, మళ్లీ నడిచాడు.

బూత్‌లో ఎవరో, ఈయనకు తోడు కావాలి కదా అని గొణిగారు.

"కాళ్లు నావి, ఓటు గూడా నాదే. నేనే ఏస్తా" అన్నాడు జేజినాయన.

సిరా వేసేది ఎడమచేతి వేలికి కదా... ఆ చచ్చుబడ్డ చేతిని, కుడిచేతి సాయం లేకుండా, మెల్లగా తనే ఎత్తి బల్ల మీద పెట్టాడు.

తిరిగొస్తుంటే ఆ పెద్దాయన తిన్నె దిగి, ఎవరు నేర్పినారప్పా అని మెల్లగా అడిగాడు. వాళ్లమ్మ కూడా మంచంలోనే ఉందట. ఆ మర్నాటి నుంచి కరుణమ్మ ఆ వీధికీ పోయేది. మా గొంగడి కూడా పోయింది, జేజినాయనే పంపించాడు.

ఇప్పుడు మా అత్తను ప్రొద్దుటూరులో ఫిజియోథెరపీకి తీసుకుపోతుంటాను. కడ్డీలు, అద్దాలు, మెత్తటి పరుపులు... అన్నీ ఉన్నాయక్కడ. గాడీ లేదు, గొంగడీ లేదు. మొన్న అక్కడి అమ్మాయి "పట్టుకోకండి మేడం, పక్కన ఉండండి చాలు" అంటే, కళ్లు చెమ్మగిల్లి పక్కకు తిరిగిపోయాను.

ఆ ఓట్ల మర్నాడు జేజినాయన మామలిద్దరినీ పిలిచి, ఇంక మీ పనులు మీరు చూసుకోండని పంపించేశాడు. రెండు కాళ్లూ బాగున్నన్నాళ్లూ ఇద్దరు మనుషులు లేకుండా గడప దాటని మా జేజినాయన... ఆ తర్వాత బతికినన్నాళ్లూ రెండు వీధుల్లోనూ ఒక్కడే తిరిగాడు.

మీ ఇళ్లలో కూడా పడి లేచినవాళ్లు ఉండే ఉంటారు... ఎవరు నిలబెట్టారో, ఎవరు చెయ్యి వదిలారో చెప్పరూ...