రత్నం అన్న ఒప్పుకున్న తప్పు

పైపులోంచి నీళ్లు దగ్గుతున్నట్టు సన్నగా పడే చప్పుడు వింటే ఇప్పటికీ ఎక్కడున్నా ఆగిపోతాను. మొన్న బహదూర్‌పల్లిలో ఒక కాలనీ బోరు దగ్గర అదే చప్పుడు విన్నాను. ఎండలకు నీళ్లు తగ్గాయని చుట్టూ ఉన్నవాళ్లు అనుకుంటున్నారు. నేను మాత్రం రత్నం అన్న గుర్తొచ్చి, మోటారు స్టార్టర్ పెట్టె మూత విప్పడం మొదలుపెట్టాను.

రత్నం అన్నకు మేడ్చల్‌లో మోటార్లు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. నేను పనిచేసే కుట్టు కంపెనీ మూతపడి, ఇద్దరు పిల్లలతో దిక్కుతోచక తిరుగుతున్న రోజుల్లో, చర్చిలో పరిచయమైన ఆయన భార్య మార్తమ్మ నన్ను అక్కడికి తీసుకెళ్లింది. ఆడమనిషి మోటారుకు తీగ చుట్టి వైండింగ్ చేయడమేమిటని వచ్చినవాళ్లు నవ్వితే, "సూది పట్టిన చెయ్యికి రాగితీగ ఎంత పని?" అనేవాడు అన్న.

మొదటి వారంలోనే ఆయన పిల్లల బొమ్మకారులోంచి తీసిన మోటారును బల్లమీద పెట్టి బ్యాటరీకి కలిపాడు. అది గిర్రున తిరిగింది. తీగలు అటుది ఇటు మార్చాడు. వెనక్కి తిరిగింది. తర్వాత ఒక మేకుకు రాగితీగ చుట్టి, పక్కన దిక్సూచి పెట్టి కరెంటు ఇచ్చాడు. ముల్లు ఒక కొన మేకువైపు తిరిగింది. తీగలు మార్చగానే రెండో కొన అటు తిరిగింది.

"కరెంట్ ఉల్టా పోతే అయస్కాంతం మొఖం ఉల్టా అయితది, గీ బొమ్మ మోటార్ ఉల్టా తిరుగుతది. మన బోరు మోటార్లకు మూడు తీగలు. అండ్ల ఏ రెండు మారినా ఉల్టనే," అన్నాడు. నేను తల ఊపాను. "ఫ్యాన్ ఉల్టా తిరిగితే గాలి రాదు, జల్దీ ఎరుకైతది. బోరు మోటార్ గట్ల గాదు సుజాతా. ఉల్టా తిరిగినా నీళ్లు పోస్తది. తక్కువ పోస్తది, గంతే. అందుకే రెండు తీర్ల తిప్పి సూడాలె. ఎటు ఎక్కువ పోస్తే గదే దాని దిక్కు."

ఒక వేసవిలో రావల్కోల్ నుంచి నర్సయ్య అనే రైతు కాలిపోయిన మోటారు తెచ్చాడు. రెండెకరాల్లో కూరగాయలు పండించే మనిషి. మోటారు బాగైన రోజునే మార్తమ్మను ఆసుపత్రిలో చేర్చాల్సి రావడంతో, అన్న కూలీలతో నన్ను పంపాడు. మోటారు బోరులోకి దింపాక తీగలు కలిపి స్విచ్ వేశాను. నీళ్లు వచ్చాయి, సన్నగా. పిల్లలు బడి నుంచి వచ్చే వేళవుతోంది. కూలీలు తొందరపెడుతున్నారు. అన్న చెప్పింది గుర్తుంది. అయినా మళ్లీ స్టార్టర్ పెట్టె విప్పి తీగలు మార్చి చూడడానికి బద్ధకించాను. "ఎండాకాలం గదా పెదనాయినా, బోరు తగ్గినట్టుంది," అన్నాను. ఆయన నా మాట నమ్మాడు.

ఆ వేసవిలో తోట సగం ఎండిపోయింది. వానలు పడ్డాక కూడా నీళ్లు పెరగలేదు. ఇక బోరు పని అయిపోయిందనుకుని, ప్లాట్లు చేసి అమ్మేవాళ్లు అడగ్గానే నర్సయ్య రెండెకరాలూ రిజిస్ట్రేషన్ చేసిచ్చాడు. మోటారు పైకి తీసి ఇమ్మని కబురు పెడితే అన్నా నేనూ వెళ్లాం. తీసేముందు అన్న ఒకసారి స్విచ్ వేసి, పైపుకు చెవి ఆనించి విన్నాడు. కరెంటు ఆపి, పెట్టె విప్పి, రెండు తీగలు మార్చి మళ్లీ వేశాడు. పైపు అదిరింది. నోటి నిండా నీళ్లు ఎగజిమ్మాయి. కాలువ పొంగి ఎండిన టమాటా కట్టెల మధ్యకు పారింది.

నర్సయ్య గట్టుమీద కూలబడ్డాడు. "ఏందిది రత్నం?" అన్నాడు.

అన్న ఏదో ఒకటి చెప్పి తప్పుకోగలిగేవాడే, తప్పుకోలేదు. "తప్పు మాది పెదనాయినా. తీగలు ఉల్టా వెట్టినం. నీ బోర్ల నీళ్లు మస్తుగ ఉన్నయి," అన్నాడు. నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. నర్సయ్య లేచి వెళ్లి, దోసిలి పట్టి ముఖం కడుక్కున్నాడు. "ఇగ బంద్ జెయ్యి," అన్నాడు.

తిరిగి వస్తుంటే, బండి వెనక కూర్చుని ఏడుస్తూ, "అన్నా, ఆ తీగలు నేనే..." అన్నాను. "నా దుకాణంలకెల్లి పోయిన పని నా పనే. ఊకో," అన్నాడాయన. అంతకుమించి ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఊళ్లో తెలిసిపోయింది. రత్నం చేతికి మోటారు ఇస్తే భూమి పోతుందన్నారు. అడిగినవాళ్లకల్లా అన్న జరిగింది దాచకుండా చెప్పేవాడు, నా పేరు తప్ప. పని తగ్గింది. దుకాణంలో మేమిద్దరం ఖాళీగా కూర్చున్న రోజులున్నాయి. ఆ ఖాళీలో ఎన్నోసార్లు అనుకున్నాను, వెళ్లి నిజం చెప్పేద్దామని. చెబితే నాకు ఇంకెవరు పనిస్తారన్న భయం ప్రతిసారీ నన్ను ఆపేసింది. మూడో ఏట అన్నకు గుండెపోటు వచ్చింది. ఆసుపత్రికి చేరకముందే పోయాడు.

సమాధి చేసిన రోజున నర్సయ్య వచ్చాడు. అందరూ వెళ్లిపోతుంటే ఆయన్ను గేటు దగ్గర ఆపి చెప్పాను: "ఆ దినం తీగలు కలిపింది నేను పెదనాయినా. అన్న కాదు."

నర్సయ్య వెనక్కి తిరిగి సమాధి వైపు చూశాడు. "ఆయన బతికున్నప్పుడు జెప్పేదుండె బిడ్డా," అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు మార్తమ్మా నేనూ కలిసి దుకాణం నడుపుతున్నాం. ఏ బోరు దగ్గరికి వెళ్లినా యజమానిని పక్కన నిలబెట్టుకుని, మోటారును రెండు వైపులా తిప్పి చూపిస్తాను. పెట్టె మూత బిగించాక, "ఈ తీగలు కలిపింది నేను, సుజాతను. నీళ్లు తగ్గితే నన్నే అడగండి," అంటాను. కొందరు నవ్వుతారు. అయినా ఆ మాట చెప్పకుండా ఏ బోరు దగ్గరి నుంచీ కదలను.